చెయ్యి వణికినంత మేర

కంప్యూటర్ తెర మీది బొమ్మలో ఒక మూల మీద మౌస్‌తో నొక్కాడు మాస్టారు. ఆ మూల వెంట్రుకవాసి పక్కకు జరిగింది. వృత్తానికి ఆనుకుని ఉండాల్సిన నిలువుగీత దాన్నుంచి విడిపోయింది. కాగితం మీద అరవై మూడో గుర్తు పెట్టుకుని, బొమ్మను మొదటికి తెచ్చి, మళ్లీ నొక్కాడు.

ఆఫీసులో అందరూ ఆయన్ని గీతల మాస్టారు అంటారు. ఆ కంపెనీ తయారుచేసేది ఫ్యాక్టరీలవాళ్లు యంత్రభాగాలు గీసుకునే సాఫ్ట్‌వేర్. అందులో ఒక కొలత మారిస్తే తక్కిన గీతలన్నీ ఇంటిపెద్ద మాట విన్నట్టు సర్దుకోవాలి. సర్దుకోకపోతే ఎక్కడ మొరాయించాయో కనిపెట్టి రాసిపెట్టడం పదకొండేళ్లుగా ఆయన పని. అంతకుముందు ఇరవై రెండేళ్లు వాలుబల్ల ముందు నిలబడి అవే బొమ్మలు సిరా కలంతో గీశాడు. గీత వంకర పోయిందని ఒక్కనాడూ ఎవరిచేతా మాట పడలేదు.

ప్రోగ్రామరమ్మాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో స్కెచ్ దిద్దే పనిముట్ల ప్రోగ్రామంతా ఆమె చేతి కిందే ఉంటుంది.

"మాస్టారూ, పొద్దుట్నుంచి వందసార్లు నొక్కాను. నా దగ్గర ఒక్కసారి కూడా విడిపోలేదు. ఈ ఫిర్యాదు మూసేస్తున్నా."

ఆ ఫిర్యాదు ఆయనొక్కడిదే కాదు. మూడు ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. ఒకచోట గీత విడిపోయిన సంగతి ఎవరూ చూడక, లోహపు అచ్చును తప్పు కొలతతో కోసి, చివరికి పారేయాల్సి వచ్చిందట. కారణం మాస్టారికి నెలరోజులుగా తెలుసు. నోరు విప్పితే ఉద్యోగం ఉండదనీ తెలుసు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"మూయకమ్మా. ఇటు చూడు," అని కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు.

చూపుడువేలు తనంతట తాను అదురుతోంది. ఆమె కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది. తగ్గేది కాదన్నాడు డాక్టరు. నేను నొక్కుదామనుకుంటే చెయ్యి కాస్త కదులుతుంది. నీ పనిముట్టేమో లాగమన్నాననుకుని మూలను లాగేస్తుంది. ఆ ఫ్యాక్టరీల్లోనూ నాలాంటి చేతులు ఉండే ఉంటాయి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెప్తే చేతులారా నా పొట్ట నేనే కొట్టుకోవడం కదమ్మా."

ఆయన చేత యాభైసార్లు నొక్కించి, వేలు ఎంత మేర కదులుతోందో ఆమె లెక్క తీసింది. ఆ మేర దాటేదాకా అది నొక్కడమే తప్ప లాగడం కాదని ప్రోగ్రామును మార్చింది. నాలుగింటికి ఆయన మళ్లీ కూర్చుని రెండువందలసార్లు నొక్కాడు. మూల ఉన్నచోటే ఉంది.

"నాకెందుకు తట్టలేదో ఇది!" అందామె.

"నీది కుదురైన చెయ్యి తల్లీ. ఎలా తడుతుంది?"

"ఫిర్యాదు కింద కారణం రాయాలి మాస్టారూ. ఏమని రాయను?"

"ఉన్నదే రాయి."

అది చదివి, అయిదింటికి మేనేజరు ఆయన్ని అద్దాల గదిలోకి పిలిచాడు. మనిషి మంచివాడు. మౌస్ పట్టుకోనక్కర్లేని పని, ఫ్యాక్టరీల ఉత్తరాలు చదివే పని, ఏదైనా చూస్తానన్నాడు.

"వద్దు సార్. గీతలు తప్ప నాకేం తెలుసు?" అన్నాడు మాస్టారు. తిరిగొచ్చి రెండు వాక్యాల రాజీనామా టైపు చేశాడు. అక్షరాలు రెండేసి పడుతుంటే చెరుపుకుంటూ అరగంట పట్టింది.

ఇంటికెళ్లి చెప్పులు విడుస్తూనే, "ఆఫీసులో చెప్పేశాను," అన్నాడు.

"చెయ్యి సంగతేనా?" అంది భార్య.

ఆయన తెల్లబోయాడు.

"ఏడాదిగా మీ గ్లాసు సగానికే నింపుతున్నా. ఎందుకని ఒక్కరోజైనా అడిగారా?" అంటూ టీ తెచ్చి చేతికిచ్చింది. ఆయన రెండు చేతులతో పట్టుకుని తాగాడు. తొణకకుండా తాగుతున్నట్టు నటించాల్సిన పని లేకపోయింది.

మర్నాడు ప్రోగ్రామరమ్మాయి కొత్త మార్పును ఫ్యాక్టరీలకు పంపి, మాస్టారి బల్ల దగ్గరికి వెళ్లింది. కుర్చీ బల్లకిందికి నెట్టి ఉంది. కంప్యూటర్ ఎవరూ ఆపలేదు. మౌస్ కదిలి తెర మేలుకోకుండా ఆయన దాన్ని వెల్లకిలా తిప్పి పెట్టి వెళ్లాడు. దాని పొట్టలోని ఎర్రటి దీపం ఇంకా వెలుగుతోంది.