ముందు చెయ్యాల్సిన ఫోను

రోడ్డుకి ఇటున్నవాళ్లకీ అటున్నవాళ్లకీ ఏళ్ల తరబడి పడదు. ఇటువాళ్లు అటు కొట్టు మెట్టెక్కరు, అటువాళ్లు ఇటు పంచన వానకైనా నిలబడరు. మాటలున్నది ఇద్దరికే: ఇటు బట్టలు కుట్టే ఆవిడకీ, అటు గుండీల కొట్టు పెట్టుకున్న అక్కకీ. గుండీలు లేకుండా చొక్కా పూర్తికాదు కదా, అలా మొదలైంది.

ఇద్దరూ ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఏ పుకారు చెవిన పడ్డా, ఇంకొకరి చెవిన వెయ్యకముందే అవతలి మనిషికి ఫోను చేసి నిజమేంటో కనుక్కోవాలి. మేకని లారీ గుద్దితే మనిషిని చంపేశారని లేచిన గోల ఆ ఫోనుతోనే చల్లారింది.

"నన్నెందుకు పెట్టుకున్నావక్కా ఈ పనికి? బల్లి అరిస్తే ఉలిక్కిపడేదాన్ని," అని కుట్టుపనావిడ అంటే గుండీలక్క నవ్వేది. "నీలాంటి పిరికిదే కావాలే. ధైర్యవంతులు అడగరు, కర్ర తీస్తారు."

కుట్టుపనావిడ కూతురు అటువైపు పళ్ల డాక్టరు దగ్గర పనికి కుదిరినప్పటినుంచి ఆ తల్లికి కంటి మీద కునుకు లేదు. ఏ అరుపు వినబడ్డా తన పిల్ల గొంతే అనిపించేది.

ఆ మధ్యాహ్నం ఇస్త్రీ బండి బాబాయి పరుగున వచ్చాడు.

"అమ్మాయ్, అటు ఎవరో పిల్లని రోడ్డు మీద పట్టుకుని కొట్టారంట!"

"ఏ పిల్లని?"

"నేను చూశానా తల్లీ? అంటున్నారు."

ఆమె ఫోను తీసింది. తీసి, గుండీలక్కకు కాదు, కూతురికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అదే తంతు. ఇంక ప్రాణం నిలవలేదు. ఒళ్లోని చొక్కా జారిపోతున్నా చూసుకోకుండా వీధిన పడింది.

"నా పిల్లని చంపేశార్రోయ్!"

కొట్టారన్నది ఆమె నోట చంపారన్నదైంది. ఇంకెవరు అరిచినా జనం ఒక్క క్షణం ఆగేవాళ్లేమో. నిజం కనుక్కునే మనిషే గుండెలు బాదుకుంటుంటే ఇంక అనుమానమెవరికి? వీధి వీధంతా కర్రలతో రోడ్డు దాటింది. "ఆగండయ్యా, నేనింకా అడగలేదు!" అని ఆమె వెనక పరిగెత్తేసరికి వినేవాళ్లు లేరు.

అటు పొగ లేస్తుండగా కూతురు వెనక సందులోంచి వచ్చింది. ఒంటి మీద గీత లేదు.

"ఫోనెందుకు ఎత్తలేదే?"

"డాక్టరుగారు పన్ను పీకుతుంటే లైటు పట్టుకుని నిలబడ్డానమ్మా. గొడవ మొదలవగానే గుండీలక్క వచ్చి నన్ను వెనక దారిన పంపేసింది."

"మరి దెబ్బలు తిన్న పిల్ల?"

"ఎవరో తల్లి, బడి ఎగ్గొట్టిందని కూతురికి రెండు తగిలించిందంట. అంతే."

అప్పుడు చేసింది గుండీలక్కకి ఫోను. అటు వెంటనే ఎత్తారు.

"పిల్ల చేరిందా?"

"చేరిందక్కా."

"మంచిది."

ఫోనులో ఏదో చిటపటమంటూ కాలుతున్న చప్పుడు.

"ఒక్క ఫోను చెల్లీ. చేతిలోనే ఉందిగా."

"భయంతో అక్కా, నేను..."

"తెలుసు. ఇంక చెయ్యకు."

మర్నాడు బాబాయి మళ్లీ వచ్చాడు. అటువాళ్లు మన మీదకొస్తున్నారంట అన్నాడు. ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. నిజమో కాదో చెప్పడానికి అటు ఎవరూ లేరు. లేచి తలుపు గడియ పెట్టి, కూతురి చేత రెండోవైపు పట్టించి, కుట్టుమిషన్ని తలుపుకి అడ్డంగా జరిపింది.