నందు రిపేరు చేసిన కంప్యూటర్

జహనుమాలో బాలనర్సింహ పాల డెయిరీ తెలియనోళ్లు లేరు. ఆయన చిన్న కొడుకు నందు కంప్యూటర్ పండితుడన్న సంగతి కూడ గల్లీ అంతటికీ తెలుసు. ఎందుకంటే ఆ సంగతి నందే చెప్పుకుంట తిరుగుతడు. డిగ్రీలో ఉన్నప్పుడు ఏదో కోర్సులో చేరి సగంలో మానేసిండు. అయినా ఎవరి ఫోన్ ఆగినా చేతిలోకి తీసుకొని, నుదురు ముడిచి, "సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం" అని తీర్పు చెప్పి తిరిగి ఇచ్చేస్తడు. ఫోన్ బాగైతే గొప్ప తనది, కాకుంటే తప్పు కంపెనీది.

ఆ తీర్పులు వింటే వదిన వర్షితకు ఒళ్లు మండేది. ఆమె మలక్‌పేటలోని ఒక ఫొటో స్టూడియో కోసం ఇంట్లోనే కూసోని పెండ్లి ఆల్బమ్‌లు తయారుచేస్తది. ముందర్రూంలో తవుడు బస్తాల పక్కన ఆమె పాత కంప్యూటర్ ఉంటది. స్విచ్ వేసి, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, అత్తమ్మ శారదమ్మకు చాయ్ ఇచ్చి వచ్చినా అది ఇంకా కండ్లు నులుముకుంటనే ఉంటది. ఒక్క ఫొటో తెరిస్తే చాలు, లోపల హార్డ్‌డిస్క్ కర్రకర్ర రుబ్బుతది.

నందు దానికి చెయ్యని వైద్యం లేదు. ఒకసారి వైరస్ అన్నడు, ఆమె కష్టపడి పోగేసుకున్న తెలుగు ఫాంట్లన్నీ తుడిచేసిండు. ఇంకోసారి వేడి అన్నడు, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టిండు. తవుడంతా లేచి మిషన్ లోపలికి పోయింది. ఆఖరుకు చేతులు దులుపుకొని, "ముసలి బర్రెలెక్క అయింది వదినా. ఇగ దీన్ని తోలేసుడే" అన్నడు.

వర్షిత తోలెయ్యలేదు. స్టూడియోలో ఒక అమ్మాయి తన పాత కంప్యూటర్‌కు హార్డ్‌డిస్క్ బదులు, లోపల ఏదీ తిరగని, సప్పుడు చెయ్యని ఎస్ఎస్‌డీ అనే కొత్త రకం డిస్క్ వేయించుకున్నంక అది ఎట్ల ఉరుకుతుందో కండ్లార చూసింది. ఎట్ల వెయ్యాల్నో అడిగి తెలుసుకొని, కోఠి పోయి, అరచేతిలో పట్టేంత ఎస్ఎస్‌డీని తెచ్చుకున్నది.

నందు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్విండు. "గీ బిస్కెట్ పాకెట్ పెడితే కంప్యూటర్ ఉరుకుతదా? మోటర్ ఏది? లోపల తిరిగేటిదే లేకుంటే ఏం నడుస్తది వదినా?"

తిరుగుడే పనైతే, పొద్దుందాక గల్లీల్లో తిరిగే నువ్వు ఈపాటికి ఇల్లంతా నడపాలె గద నాయినా, అనుకున్నది వర్షిత. పైకి మాత్రం, "స్క్రూడ్రైవర్ యాడుందో చెప్పు" అన్నది. అది కూడ ఆయనకు తెల్వదు.

ఆదివారం పొద్దున డబ్బా విప్పింది. పిడికెడు తవుడు రాలింది. కుంచెతో అంతా ఊడ్చి, పాత డిస్క్ ఉండంగనే కొత్తదాన్ని కూడ కేబుల్‌తో తగిలించి, పాతదాంట్లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు కొత్తదాని మీదికి దింపుకునే ప్రోగ్రాం నడిపించింది. అది నడుస్తుండంగనే నందు జనాన్ని పోగేసిండు. బాలనర్సింహ వచ్చి కుర్చీలో కూసున్నడు. శారదమ్మ గడపలో నిలబడ్డది. దబీర్‌పురా స్టేషన్‌లో పనిచేసే ప్రేమ్‌రాజ్ పాలకని వచ్చి, గిన్నె పట్టుకొని అక్కడే ఆగిపోయిండు.

దింపుకునుడు అయిపోయింది. వర్షిత కంప్యూటర్ బంద్ చేసి మళ్ల స్విచ్ వేసింది. అది ఎప్పటిలెక్కనే మూలిగింది. ఎంత సేపటికీ తెర మీదికి ఏం రాలేదు.

"నేనేమన్న? మోటర్ లేదని అన్ననా లేదా?" నందు గొంతు లేచింది. "ఇంట్ల తెలిసినోన్ని పెట్టుకొని గిట్ల సొంత పెత్తనాలు చేస్తే గిట్లనే అయితది ప్రేమ్‌రాజన్నా!"

"వాన్ని ఒక్క మాట అడిగి చెయ్యరాదా బిడ్డా," అన్నడు బాలనర్సింహ.

మరిది మాట ఆమెకు దోమ కుట్టినట్టు కూడ అనిపించలేదు. మామ మాటే చురుక్కుమన్నది. కండ్లల్లో నీళ్లు తిరిగినయి. తల వంచుకొని డబ్బాలోకి చూస్తుంటే అదే కర్రకర్ర వినపడ్డది. కొత్తదానికి సప్పుడే ఉండదు గద! అంటే ఇప్పుడు కూడ మిషన్ పాత డిస్క్ నుంచే లేస్తున్నది. కొత్తది పక్కన ఖాళీగ కూసున్నది.

ఆమె కరెంటు బంద్ చేసి, పాత డిస్క్ కేబుల్ ఊడపీకి, మళ్ల స్విచ్ వేసింది.

"అరె అరె, పాతది పీకేసినవా? ఇగ అదీ పోయె, ఇదీ పోయె! బాపూ, ఇగ నన్ననొద్దు, నేను ముందే..."

నందు మాట పూర్తి కానేలేదు. తెర మీద పెండ్లి పీట, పసుపు బట్టల్లో నవ్వుతున్న పెండ్లిపిల్ల ప్రత్యక్షమైంది. వర్షిత ఒక ఆల్బమ్ నొక్కింది. నొక్కిన వేలు తియ్యకముందే తెరుచుకున్నది.

"అమ్మా, గింత జల్దిగనా?" అన్నది శారదమ్మ.

నందు ఒకసారి దగ్గిండు. "తవుడు ఊడ్చుడే అసలు సంగతి. నేను ఫస్టు నుంచి చెప్తనే ఉన్న."

రెండు దినాలు తిరగకముందే ఆ రిపేరు నందు ఖాతాలో పడిపోయింది. చాయ్ హోటల్‌లో ఏం చెప్పుకున్నడో ఏమో, ప్రేమ్‌రాజ్ తన కంప్యూటర్‌ను స్కూటర్ మీద పెట్టుకొని, ఒక కొత్త ఎస్ఎస్‌డీ కొనుక్కొని ఇంటికొచ్చిండు. "నందు భాయ్, మీ వదినదానికి చేసినట్టే మాదానికి చేసిపెట్టు. మా మున్నీ పుట్టినప్పటి నుంచి ఫొటోలన్నీ దీంట్లనే ఉన్నయి, జర జాగ్రత్త."

నందు మొఖం పాలిపోయింది. వదిన దిక్కు చూసిండు. వర్షిత పీట జరుపుకొని తీరిగ్గ కూసున్నది. రెండు డిస్కులు చూపించి, "కానియ్ నందూ. ఏ దాంట్లకెల్లి ఏ దాంట్లకు దింపుతవ్?" అన్నది.

తెలిసినోనిలెక్క గడ్డం గోక్కొని, "గదేందొదినా, కొత్తదాంట్లకెల్లి పాతదాంట్లకు" అన్నడు.

"కొత్తదాంట్ల ఏమున్నది?"

"కొత్తది గద... ఏముంటది, ఖాళీ."

ప్రేమ్‌రాజ్‌కు కంప్యూటర్ల గురించి ఏం తెల్వదు. కానీ ఖాళీదాన్ని నిండుదాని మీద కుమ్మరిస్తే ఏమైతదో అర్థం కావడానికి కోర్సు చెయ్యనక్కరలేదు. "అంటే నా బిడ్డ ఫొటోలన్నీ పొయ్యేటియా?" అని డబ్బాను రెండు చేతులతో ఒడిసిపట్టుకున్నడు.

"ఇటు పెట్టుండ్రి అన్నా," అన్నది వర్షిత. "మొన్న చేసినామెనే చేస్తది."

నందు ఎటు చూడాల్నో తెల్వక, "బర్రెలకు నీళ్లు పెట్టాలె" అనుకుంట కొట్టం దిక్కు నడిచిండు. ఏనాడూ కొట్టంలో అడుగు పెట్టింది లేదాయె. బాలనర్సింహ కొడుకు వీపు దిక్కు చూసి, "పోనియ్, బర్రెలకైనా అక్కరకొస్తడు" అని, కుర్చీని కోడలి పక్కకు జరుపుకొని, ఆమె స్క్రూలు విప్పుతుంటే వాటిని అరచేతిలో పట్టుకుంట కూసున్నడు.