ఓదెలు డ్రైవర్ కొత్త ఇంజను

నేను ఒక ప్రాసెసర్‌ని. కంప్యూటర్‌కి మెదడు అని బడిపిల్లల పుస్తకాల్లో రాసేది నా గురించే. రెండు వేళ్ళతో పట్టుకునేంత చదరపు బిళ్ళను, నెత్తిమీద వెండిరంగు మూత. పుట్టింది ఇసుకలోంచే గాని, ఇసుకకున్న వినయం మా జాతికి లేదు. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో, తుమ్మడం కూడా తప్పే అన్నంత శుభ్రమైన గదిలో, మూతులకు గుడ్డలు కట్టుకున్న మనుషులు మమ్మల్ని వందల లెక్కన ఒకే పళ్ళెం మీద అచ్చువేశారు. ఆపైన పరీక్షలు పెట్టారు. లోపల లెక్కలు చేసే గదులు, అంటే కోర్లు, ఎనిమిదీ పనిచేసినవాళ్ళు పై తరగతికి వెళ్ళారు. నాలో రెండు మొరాయించాయి. వాటిని మూసేసి, మిగిలిన ఆరింటితో బతకమని నన్ను చౌక రకంలో వేశారు.

నేనేం చిన్నబుచ్చుకోలేదు. నాకు ఇంకో విద్య కూడా వచ్చు. లెక్కలు చేయడంతో పాటు బొమ్మ కూడా గీస్తాను. గ్రాఫిక్స్ కార్డు అనే ఖరీదైన చుట్టం ఇంటికి రాకపోయినా తెరమీద ఆట నేనే నడిపిస్తాను. అయితే ఒక లోపం ఉంది, ముందే ఒప్పేసుకుంటాను. బొమ్మ గీయడానికి నాకు సొంత మెమొరీ లేదు. పక్కనున్న ర్యామ్ అనే మెమొరీ పట్టీలను అడిగి వాడుకోవాలి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత జరిగిన రభసంతా దానివల్లే.

హన్మకొండలో ఖలీల్ అనే ఆయన దుకాణంలో, అద్దాల బీరువాలో ఐదు నెలలు కూర్చున్నాను. మనుషుల్ని అప్పుడు బాగా చూశాను. పెద్ద పెద్ద కార్డుల గురించి గంటసేపు వాదించి, చివరికి ఒక మౌస్ కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. నా వంక చూసి "ఇదా?" అని పెదవి విరిచేవాళ్ళు. అలాంటి చోటికి ఒక రోజు స్పందన వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. రెండు నెలలు ఫోన్‌లో వీడియోలు చూసి చూసి ఒక నోటుబుక్కు నింపుకుని మరీ వచ్చింది.

ఖలీల్ నా పక్కనున్న అన్నను బయటికి తీశాడు. లెక్కల్లో నాకంటే గట్టివాడు, బొమ్మ మాత్రం గీయలేడు.

"ఇది తీస్కోండ్రి మేడం, ఫుల్ పవర్. దీంట్ల గ్రాఫిక్స్ ఉండది, సెకండ్‌హ్యాండ్ కార్డు నేనే ఏసిస్త."

"ఆ కార్డును ఎవరెంత కాల్చిండ్రో ఎవరికెరుక? నాకు రెండు పనులు ఒక్కటే చేసేది గావాలె. అన్ని కలిపి నా నెల జీతం దాటొద్దు."

"గేములకైతే అది సరిపోదు మేడం."

"మా బాపు యుద్ధాలు చెయ్యడు భాయ్. బస్సు నడుపుతడు."

ఖలీల్ ఆమె వెనకాల నిలబడ్డ పెద్దమనిషిని ఎగాదిగా చూశాడు. ఆయనే ఓదెలు. ఇరవై ఆరేళ్ళు బస్సు డ్రైవరు. కిందటేడు కంటి పరీక్షలో ఎడమకన్ను తప్పింది. స్టీరింగు మీంచి దింపి, డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. బయటికి పోయే బస్సుల నంబర్లు రాసుకోవడం ఇప్పుడాయన డ్యూటీ. ఇంట్లో అన్నం తింటుంటే ఎడమచెయ్యి తనంతట తాను గేరు మార్చేదట. అది చూడలేకే కూతురు ఈ కొనుగోలుకు దిగింది. డాక్టరు చెప్పింది కంటి గురించే. ఆయనకు మాత్రం తన చేతులు కూడా పోయాయేమోనని లోపల ఒక భయం పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. తర్వాత నా ముందు ఒంటరిగా కూర్చున్నప్పుడు తనలో తాను గొణుక్కుంటే నాకు తెలిసింది.

ఖలీల్ నన్ను బోర్డులో బిగిస్తుంటే ఓదెలు బానెట్ ఎత్తి చూసినట్టు తొంగి చూశాడు.

"ఇది ఇంజనా?"

"అంతే అంకుల్."

"మరి ఈ పట్టీలు రెండెందుకు? ఒక్కతీరుగనే ఉన్నయి."

"అవి ర్యామ్ అంకుల్. జోడీగ ఏస్తం."

"ఒకటి తీస్తె బండి నడ్వదా?"

"నడ్వకేం, నడుస్తది. గానీ..." అంటుండగా ఖలీల్ ఫోను మోగింది. ఆ 'గానీ' తర్వాతి మాట నేటికీ ఆ దుకాణంలోనే ఉండిపోయింది.

మొదటి సాయంత్రం స్పందన నడిపింది. ఎవరో వాడి అమ్మేసిన స్టీరింగు ఒకటి తెచ్చి బల్లకు బిగించింది. బస్సు నడిపే ఆట పెట్టింది. తెరమీద కొండదారి, అందులో మన ఊరి రంగులేసిన బస్సు. బొమ్మ నీళ్ళలా సాగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఆమె మాత్రం రెండో మలుపులోనే బస్సును గోడకు గుద్దేసింది. "జీతమిచ్చి మరీ గుద్దుతున్నవా?" అని తల్లి రాజవ్వ నవ్వింది. ఓదెలు ఆ రోజు స్టీరింగు ముట్టుకోలేదు. కొత్త బండిని స్నానం చెయ్యకుండా తియ్యనన్నాడు.

తెల్లవారి స్పందన డ్యూటీకి వెళ్ళాక ఆయన స్నానం చేసి, క్యాబినెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, కీబోర్డు ముందు నిమ్మకాయ కోశాడు. ఇంతవరకు నాకూ సరదాగానే ఉంది. తర్వాత పక్క రేకు విప్పి, రెండు ర్యామ్ పట్టీల్లో ఒకదాన్ని ఊడబెరికాడు. పసుపు గుడ్డలో చుట్టాడు. దేవుడి గూట్లో భద్రంగా పెట్టాడు.

"ఏందయ్యా అది?" అంది రాజవ్వ.

"స్టెప్నీ. స్టెప్నీ లేకుంట బండి తియ్యొద్దు."

ఆయన్ని తప్పుపట్టలేను. ఒకసారి అడివి దారిలో టైరు పగిలితే, అదనపు చక్రం ఉండబట్టే నలభై మందిని చీకటి పడకముందే ఊరు చేర్చాడు. ఆ రోజునుంచి స్టెప్నీ చూడకుండా బండెక్కి ఎరగడు. ఒకేలాంటివి రెండు కనపడితే ఒకటి వాడకానికి, ఒకటి ఆపదకు అని ఆ బుర్రలో ముద్ర పడిపోయింది. కానీ నాకు ఆ పట్టీలు రెండూ రెండు వరసల దారి. ఒకటి తీసేస్తే డబల్ రోడ్డు కాస్తా సింగిల్ రోడ్డు అయిపోతుంది. బొమ్మలన్నీ ఆ ఇరుకులోనే ఎదురెదురుగా ఇరుక్కుంటాయి. "అయ్యా, అది స్టెప్నీ కాదు, నడుస్తున్న చక్రం!" అని అరవాలనిపించింది. నోరుంటే గదా.

ఆయన స్టీరింగు పట్టుకున్నాడు. ఎడమకు తిప్పితే బస్సు కాసేపు ఆలోచించి, అప్పుడు తిరిగింది. బ్రేకు తొక్కితే బొమ్మ ఆగి, ఎగిరి, పది గజాల అవతల తేలింది. మైలురాయి విరిగింది. ఆయన చేతులు వెనక్కి తీసుకుని అరచేతులకేసి చాలాసేపు చూసుకున్నాడు.

"బిడ్డకు నడ్శింది. నాకు నడుస్తలేదు."

నా బతుకులో నేను విన్న మాటల్లో అంత బాధ పెట్టింది మరొకటి లేదు. తప్పు నా దారిది, నింద ఆయన చేతులకు.

వారం రోజులు అదే తంతు. రోజూ పొద్దున కూర్చునేవాడు, ఒక మలుపు, ఒక గుద్దు, లేచి వెళ్ళిపోయేవాడు. కూతురు అడిగితే "మస్తుగున్నది బిడ్డా" అనేవాడు. ఒక రోజు ఆమె ముందే వచ్చి గుమ్మంలోంచి చూసేసింది. బొమ్మ ఎగిరెగిరి పడడం ఆమె కంటా పడింది. సెట్టింగులన్నీ తగ్గించింది, వైర్లు ఊడదీసి పెట్టింది, నోటుబుక్కు మొదటినుంచి చివరిదాకా తిరగేసింది. డబ్బా పక్క రేకు విప్పి చూడాలని మాత్రం తట్టలేదు. చివరికి నా మీదికే వచ్చింది.

"ఖలీల్ భాయ్ చెప్పనే చెప్పిండు, నేనే ఇనలే. ఈ ప్రాసెసర్ తోటి కాదు బాపూ. తప్పు కొన్న."

"ఇంజను మంచిదే బిడ్డా, దాన్ని అనకు. నేనే ఖరాబైన. ఇగ తీసెయ్."

ఆ మాటకు స్పందన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రి తన చేతుల్ని తిట్టుకుంటున్నాడు, కూతురు తన ఎంపికను తిట్టుకుంటోంది. నిజం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేనేమో రేకు డబ్బాలో మూగగా కూర్చున్నాను. మనుషుల్లో ఇదొక చిత్రం. ప్రేమ ఎక్కువైతే వస్తువును వదిలేసి ఎవరికి వాళ్ళు నేరం తమ మీద వేసుకుంటారు.

నన్ను వినోద ఇంటికి ఇచ్చెయ్యాలని తేల్చారు. వినోద ఓదెలు బస్సులో పదకొండేళ్ళు కండక్టరు. ఆమె కూతురికి డిగ్రీ చదువుకు కంప్యూటర్ కావాలి. ఆదివారం పొద్దున ఆమె ఆటో మాట్లాడుకుని వచ్చింది.

"నాకు మనసొప్పుతలేదన్నా. నువ్వు నడుపుతవనుకుంటే..."

"ఊకో చెల్లె. పనికొచ్చే కాడ ఉండాలె."

డిపోలో బండి అప్పగించే డ్రైవరు ఊరికే తాళం విసిరేసి పోడు. జాకీతో సహా లెక్కచెప్పి ఒప్పగిస్తాడు. ఓదెలు కూడా నిటారుగా నిలబడి మొదలుపెట్టాడు. "టీవీ తీరుది ఒకటి. కీబోర్డు ఒకటి. స్టీరింగు ఒకటి. ఇంజను డబ్బా ఒకటి." అని, దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ మూట తెచ్చి వినోద చేతిలో పెట్టాడు. "స్టెప్నీ ఒకటి."

ఆటోలో పెట్టడానికి వైర్లు చుట్టి కడుతున్న స్పందన ఆగిపోయింది.

"స్టెప్నీ ఏంది బాపూ?"

మూట విప్పింది. కుంకుమ అంటిన ర్యామ్ పట్టీని చూసి, తండ్రి ముఖం చూసి, మళ్ళీ పట్టీని చూసింది. కోపం రావాలో నవ్వు రావాలో తేలక నేలమీద కూలబడి రెండూ కలిపేసింది.

"బాపూ! ఇది తీసి పెట్టేది గాదు! రెండు ఉంటెనే రెండు దిక్కుల రోడ్డు! నువ్వు ఇన్ని దినాలు బస్సును సందుల నడిపినవు!"

"ఖలీల్ ఒక్కటున్నా నడుస్తదన్నడు..."

"నడుస్తది. గట్లనే నడుస్తది!"

కట్టిన వైర్లన్నీ విప్పారు. ఆటో అతను కిరాయి పోయిందన్న బాధ మరిచి తానూ లోపలికొచ్చి గోడకానుకున్నాడు. స్పందన ఆ పట్టీని గుడ్డతో తుడిచి 'టక్' మని బిగించింది. నా దారి వెడల్పయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఓదెలు కుర్చీలో కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టాడు. కదలలేదు.

"ఏమైంది బాపూ, నడుపు."

ఆయన స్టీరింగును ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు కూడా బస్సు గుద్దుకుంటే ఇక చెప్పుకోడానికి ఏ సాకూ లేదు, తప్పు నిజంగా చేతులదే అవుతుంది. ఆ భయం వినోదకు అర్థమైంది. పదకొండేళ్ళు ఆ వీపునే చూస్తూ టిక్కెట్లు కొట్టిన మనిషి. ఆమె కుర్చీ వెనకాలకు వచ్చి, బస్సులో రేకును చరిచినట్టు బల్లను రెండుసార్లు చరిచింది.

"రైట్... రైట్!"

బస్సు కదిలింది. మొదటి మలుపు, రెండోది, కూతురు గుద్దిన గోడ, ఆయన విరగ్గొట్టిన మైలురాయి, అన్నీ పక్కనుంచి వెనక్కి వెళ్ళిపోయాయి. లోయ అంచున పాముమెలిక దారిలో చక్రం తెల్లగీత దాటలేదు. నేను నా ఆరు కోర్లతో ఉన్నదంతా ఊడ్చి పెట్టాను. బస్టాపులో నిలబడ్డ బొమ్మ ముసలమ్మ ముందు సరిగ్గా తలుపు వచ్చేటట్టు, నిద్రపోయే పిల్ల కూడా లేవనంత మెత్తగా ఆపాడు.

"హోల్డాన్," అని బండి ఆపమనే తన పాత కండక్టరు కేక వేసింది వినోద, ఆయన ఆపేశాక.

ఓదెలు అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "పోలేదు చెల్లె. చేతులు పోలేదు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆటో అతను కూడా ముక్కు తుడుచుకున్నాడు.

నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. వినోద కూతురు సాయంత్రాలు ఇక్కడికే వచ్చి నా దగ్గర చదువుకుంటుంది. నాకంటే గట్టివాళ్ళు అప్పుడే బజారులోకి వచ్చేశారట. ఇంకొన్నేళ్ళకు నన్నూ పీకి ఏ తుక్కు సంచిలోనో వేస్తారు, అది అందరికీ ఉన్నదే. దేవుడి గూట్లో పసుపు గుడ్డ ఇప్పటికీ ఉంది. అందులో పాత మౌస్ ఒకటి పెట్టాడు మా డ్రైవరు. స్టెప్నీ లేకుండా ఆయనకు మనసు నిలవదు.

వినోద ఆదివారాలే వస్తుంది. మిగతా రోజుల్లో ఆయన గేటు డ్యూటీకి వెళ్ళేముందు స్టీరింగు పట్టుకుని, కేక కోసం చెవులు రిక్కించి కూర్చుంటాడు. వంటింట్లోంచి రాజవ్వ గరిటెతో గిన్నెను రెండుసార్లు కొట్టి "రైట్, రైట్" అంటుంది. అప్పుడు గాని మా బస్సు కదలదు.