చిన్నగంట తాడు

బెరిల్ స్టాక్స్ క్యాలీఫ్లవర్ కాడని ఒక్క వేటుతో తెగ్గొట్టి, పువ్వు చుట్టూ నాలుగు ఆకులు మిగిల్చి, బెల్టు మీదకి తోసింది. వెంటనే ఇంకోటి అందుకుంది. షెడ్డులో చలి గచ్చులోంచి మోకాళ్ల దాకా పాకుతోంది. చేతులకి రెండు జతల గ్లౌజులు, ఒంటికి రబ్బరు ఏప్రన్, తలకి నీలంరంగు వల. మనిషి పొట్టి. భుజాలు మాత్రం మూటలు మోసేవాడికి ఉండాల్సినవి. కత్తి తన పని తాను చేసుకుపోతోంది గానీ, ఆవిడ బుర్ర పొద్దుటి నుంచీ సాయంత్రం మీదే ఉంది.

సాయంత్రం హార్న్‌డైక్ ఊరి హాల్లో సభ. విడిచి వచ్చిన ఐరోపా సమాఖ్యలో దేశం మళ్లీ చేరాలా వద్దా అని చేతులెత్తి తేల్చి, ఆ ముక్క ఎంపీకి రాసి పంపిస్తారట. హార్న్‌డైక్ మాట విని ఏ ప్రభుత్వమూ నిద్రలేచి కూచోదని అందరికీ తెలుసు. అయినా ఆ వారమంతా రొట్టెల కొట్లో ఇదే గొడవ. సభ అయ్యాక, ప్రతి మంగళవారం లాగే, చర్చి గంటల సాధన.

బెరిల్‌కి కావలసింది ఆ రెండోది. మళ్లీ ఆ గదిలోకి వెళ్లి తాడు పట్టుకోవాలి. అడగడానికే ముఖం చెల్లడం లేదు.

చర్చి గోపురంలో ఆరు గంటలు. ఒక్కో తాడుకి ఒక్కో మనిషి. చిన్నదానితో మొదలుపెట్టి పెద్దదాని దాకా వరసగా మోగిస్తారు, ఆపైన వరస మార్చుకుంటూ పోతారు. అందులో అన్నిటికన్నా బరువైన గంట పెళ్లి కాకముందు నుంచీ బెరిల్‌దే. దేశం సమాఖ్యని వదిలిన రాత్రి గంటలు మోగించాలని ఆవిడ పట్టుబట్టింది. బయటికి రావాలని ఓటేసినావిడ మరి. గంటల పెద్ద డెస్మండ్ కదల్లేదు.

"పెళ్లికి మోగిస్తాం, చావుకి మోగిస్తాం. ఓట్లకి మోగించం బెరిల్."

"అయితే మీ గంటలు మీరే మోగించుకోండి," అని కోటు తగిలించుకుని దిగిపోయింది. ఎవరో ఒకరు వెనకాలే వచ్చి బతిమాలతారనుకుంది. ఎవరూ రాలేదు. ఆ తాడు కొన్నాళ్లకి వీటస్ చేతికి పోయింది. వీటస్ లిథువేనియా మనిషి, ఇదే షెడ్డులో బండి మీద పెట్టెలు మోస్తాడు. ఎవరు పోవాలని ఓటేసిందో వాళ్లలో ఒకడే వచ్చి తన చోట నిలబడ్డాడు. ఆ ఏడాదంతా ఆవిడకి తిండి సయించలేదు.

నిజానికి ఆవిడ కోపం, బయటి దేశాల వాళ్లు వచ్చి పెంచారనుకున్న డాక్టరు దగ్గర పడిగాపుల మీద. పోయింది మాత్రం వీటస్ దేశపు లీనా. పక్కనే నిలబడి పువ్వులు కోస్తూ, గసగసాల కేకు కాగితంలో చుట్టి తెచ్చి ఏప్రన్ జేబులో దోపే లీనా. ఇక్కడ ఇంక మర్యాద లేదని సర్దుకుని వెళ్లిపోయింది. ఆ చోట ఇప్పుడు ఎవరూ లేరు. డాక్టరు దగ్గర పడిగాపులు అలాగే ఉన్నాయి.

టీ వేళకి వీటస్ కప్పు పట్టుకుని వచ్చి ఎదురుగా పెట్టె మీద కూచున్నాడు.

"చిన్నగంటకి కొన్నేళ్లుగా మనిషి లేడు. అయిదింటితో కుంటుతున్నాం. మీ వంటింట్లోకి వినపడుతూనే ఉంటుందిగా?"

"వినపడుతుంది. ఆ తాడు పిల్లలు నేర్చుకునేది నాయనా. నేను పెద్దగంట లాగినదాన్ని."

"పెద్దగంట మాత్రం నేనివ్వను. ముందే చెప్తున్నా," అన్నాడు వీటస్ నవ్వుతూ.

ఆవిడకి నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది.

సాయంత్రం హాలు నిండిపోయింది. బెరిల్ గుమ్మం దగ్గర, తడి కోట్ల వాసనలో, గోడకి ఆనుకుని నిలబడింది. హాలు మెట్లెక్కినప్పటి ఆయాసం ఇంకా తగ్గలేదు. సిరిల్ లేచాడు. అతనికి ఊరికి ఉత్తరాన కాబేజీ పొలాలున్నాయి, గోపురంలో రెండో గంట అతనిదే.

"చెయ్యి విదిలించుకుని వచ్చినవాళ్లం. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం? పైగా పాత మర్యాదలేవీ ఇవ్వరు. మనకున్న రాయితీలు పోయినట్టే. కొత్తవాళ్లతో పాటు వరస చివర నిలబడమంటారు. అంత అవమానం పడి వెళ్లడం దేనికంట?"

చాలామంది తలలూపారు. బెరిల్‌కి ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. అతను దేశం గురించే మాట్లాడాడు, పాపం. తన లోపలి మాట ఒకళ్లు పైకి చదివినట్టే ఉంది ఆవిడకి. చెయ్యెత్తింది. జీవితంలో సభలో నోరు విప్పి ఎరగదు.

"నిలబెడితే నిలబడదాం," అంది. "బయటికి రావాలని ఓటేసినదాన్నే నేను. వచ్చాక నాకు దక్కింది ఏవిటంటే, పక్కన ఖాళీ. పాత కుర్చీ ఇస్తేనే వస్తానంటే ఇంటి దగ్గర కూచోవాల్సిందే. చివర నిలబడితే కాళ్లు విరగవు సిరిల్. లోపల ఉంటాం." ఊపిరి తీసుకుని డెస్మండ్ వైపు తిరిగింది. "నాకు పెద్దగంట అక్కర్లేదు. చిన్నది ఖాళీగా ఉందిగా. ఇవాళ నేను లాగుతా, నీకు ఇష్టమైతే."

హాలంతా ఘొల్లున నవ్వింది. డెస్మండ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"గోపురం మెట్లు నిటారుగా ఉంటాయి. మర్చిపోయావేమో," అన్నాడు. అంతకన్నా మెత్తటి మాట అతనికి రాదు.

చేతులెత్తారు. మళ్లీ చేరాలన్నవాళ్లే ఎక్కువ తేలారు. ఎవరో గంటలు మోగించమని అరిచారు. డెస్మండ్ గుమ్మంలో ఆగి, "దీనికి మోగించం. ఇవాళ మంగళవారం కాబట్టి మోగిస్తాం," అని వెళ్లిపోయాడు.

గోపురం మెట్ల మీద సిరిల్ ఆవిడ వెనకాలే ఎక్కుతూ, ఆగినప్పుడల్లా తనూ ఆగాడు.

"నా ఓటు నీకు వ్యతిరేకమే," అన్నాడు.

"చూశాను."

"నా గంట మాత్రం నీ వెనకే. తొందరపెట్టకు."

చిన్నగంట పట్టినవాళ్లే, గంట కదుపుతూ, అందరికీ కేక వెయ్యాలి. ఇన్నేళ్లలో ఆ కేక ఎప్పుడూ బెరిల్‌ది కాదు. తాడు మీద పట్టుకోసం అల్లిన ఉన్నికుచ్చు అరచేతుల్లో గరుగ్గా తగిలింది.

"చూసుకోండి," అంది. "కదులుతోంది. వెళ్లింది."

లాగింది. పెద్దగంటకి అలవాటుపడ్డ చేతులు, పెద్దగంటకి లాగినట్టే లాగాయి. పైన గంట గిర్రున తిరిగి, దాన్ని ఆపే అడ్డుకర్రని తాకబోయింది. తాడు ఎగిరింది, ఆవిడ మడమలు లేచాయి.

"అది పెద్దగంట కాదు తల్లీ," అన్నాడు వీటస్ ఎదుట నుంచి.

నవ్వుకుంటూ చేతులు వదులు చేసింది. వేళ్లతో అడిగితే చాలు, చిన్నగంట వస్తుంది. మోగించగా మోగించగా తెలిసింది. ఆవిడ వెనక సిరిల్, సిరిల్ వెనక మిగతావాళ్లు, అందరి వెనక వీటస్ లోతైన దెబ్బ. ఒక్కటీ తప్పలేదు. వరస మార్చారు, మళ్లీ మార్చారు, చివరికి మొదటి వరసకి దిగారు. హాల్లోంచి ఇళ్లకి వెళ్తున్న హార్న్‌డైక్ వాళ్లు ఎక్కడివాళ్లక్కడే రోడ్డు మీద ఆగిపోయి తలలెత్తారు. ఇన్నేళ్ల తర్వాత ఆరూ మోగుతున్నాయి. బెరిల్ ముఖం ఎర్రగా వెలిగిపోతోంది. పెద్దగంట లాగిన రోజుల్లో ఎప్పుడూ ఇంత సంతోషపడలేదు ఆవిడ. ఆ సంగతి తనకే తెలిసి ఆశ్చర్యపోయింది.

డెస్మండ్ ఆపమన్నాక, "మీరు దిగండి. కాస్త కూచుని వస్తా," అంది గోడవారి బల్ల మీద కూలబడుతూ. "నాకో నల్లబీరు చెప్పి ఉంచండి. డబ్బులు సిరిల్ ఇస్తాడు."

కొత్తగా చేరినవాళ్లకి మొదటి గ్లాసు గంటల పెద్దే ఇప్పించాలి. డెస్మండ్ అలాగే ఇప్పించాడు. పబ్బులో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. సిరిల్ ఆవిడ మొదటి లాగుడు చేతులూపి చూపించి నవ్విస్తున్నాడు. బెరిల్ ఎంతకీ రాకపోయేసరికి వీటస్ లేచి వెళ్లాడు. చాలాసేపటికి తిరిగొచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని డెస్మండ్ పక్కన నిలబడ్డాడు. గోపురంలో బల్ల మీద భుజం గోడకి ఆనించి కూచుని ఉందట. ముఖంలో ఆ ఎరుపు ఇంకా ఉందట, ఊపిరే లేదట.

తర్వాత అందరూ వెళ్లిపోయారు. బారు అమ్మాయి బల్లలన్నీ తుడిచింది, ఒక్కటి తప్ప. దాని మీద చిన్న గ్లాసులో నల్లబీరు, ఎవరి పెదవీ తగలని నురగ, మెల్లమెల్లగా దిగుతోంది.