రేగడి డొంకలో సైకిల్ బాట

వానాకాలం వచ్చిందంటే ఆ పాలెంలో సైకిళ్లు మనుషుల భుజాలెక్కేవి. పాలెం నుంచి గురజాల రోడ్డుకు చేరాలంటే మూడు ఫర్లాంగుల డొంక, బండ్లు పోయే మట్టి దారి. అంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చాలు, మట్టి టైరుకు పట్టుకుని, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి, చక్రం ఇక తిరగనంటే తిరగనని మొండికేసేది. పుల్లతో గెలికి నాలుగడుగులు నెట్టేసరికి మళ్లీ అదే వరస. అందుకే మగవాళ్లు లుంగీ ఎగ్గట్టి, సైకిలు భుజాన వేసుకుని, రోడ్డు దాకా బురదలో నడిచిపోయేవాళ్లు.

మౌలాలీకి ఆ పని చేతగాదు. నాలుగేళ్ల కిందట క్వారీలో బండ జారి అతని ఎడమ పాదం మీద పడింది. పాదం దక్కింది గానీ చీలమండ దగ్గర వంగడం మానేసింది. మామూలు నేల మీదే పది గజాలకొకసారి ఆగాలి. సైకిలెక్కితే మాత్రం కుడికాలి బలంతో తొక్కుకుంటూ ఎవరికీ తీసిపోకుండా పోతాడు.

రోడ్డు మీద వెంకట్రామయ్య గారి నాపరాతి పాలిష్ ఫ్యాక్టరీలో అతను గేటు మనిషి. పొద్దున ఏడింటికి తాళం తీయాలి. అప్పుడే కూలీలు లోపలికి పోయేది, లారీలు లోడెక్కేది. పోయిన వానాకాలంలో పదకొండు రోజులు మౌలాలీ డొంక దాటలేకపోయాడు. ఆ సంగతి యజమాని మర్చిపోలేదు. రోహిణి కార్తెలో ఒకనాడు పిలిచి మొహం మీదే చెప్పాడు.

"నువ్వు మంచోడివే మౌలాలీ, కాదన్లా. కానీ గేటు ముందర లారీవాడు హారన్ కొడతా కూర్చుంటే నేనేం చేసేది? ఈ వానాకాలం ఒక్కరోజు తాళం తియ్యకపోయినా ఇంకొకణ్ణి పెట్టుకుంటా. ముందే చెప్తున్నా, తర్వాత నన్ననమాక."

మౌలాలీ తల వంచుకుని విన్నాడు. ఈ కాలితో క్వారీలోకి ఎవరూ రానివ్వరు, పొలంలోకి ఎవరూ పిలవరు. ఈ గేటు పోతే ఇంకో గేటు లేదు. తల ఎత్తేసరికి ప్రహరీ పక్కన గుట్ట కనిపించింది. మిషను మీద ఒక పక్క అద్దంలా అరగదీశాక అంచులు విరిగి, అమ్మకానికి పనికిరాకుండా పోయిన బండలవి.

"అయ్యా, ఆ గుట్ట నాకిస్తారా?"

"ఏంది, మేడ కడతావా?"

"డొంకలో పరుచుకుంటానయ్యా. సైకిలు పొయ్యేంత."

వెంకట్రామయ్య పెద్దగా నవ్వాడు. "తీసకపో. లారీలు తిరగటానికి కాస్త చోటన్నా ఉంటది."

పాలెంలో ఆ మాట చెప్పగానే అందరికంటే ముందు లేచినవాడు ఆదినారాయణ. ఇళ్లల్లో బండలు పరిచే మేస్త్రీ. నరసరావుపేటలో డాక్టర్ల ఇళ్లకు సైతం అతనే వేశాడు. వేసిన గచ్చు మీద నీళ్లు పోసి, తన మొహం చూసుకుని మీసం దువ్వుకుంటేగానీ కూలి అడగడని పేరు.

"రెండడుగుల బాటేగా బావా! నేనేస్తే పెళ్లికొడుకులు దాంట్లో చూసుకుని క్రాపు సర్దుకోవాల," అన్నాడు.

సైకిలున్న ప్రతి ఇంటి నుంచీ ఒక మనిషి వచ్చాడు. ఎండ ముదరకముందే మూడు ఎడ్లబండ్ల మీద బండలు తోలారు. డొంక ఒక అంచు వెంట గరుసు మట్టి పోసి దిమ్మిస ఆడించారు. ఎడ్లబండ్లు బాట మీదికి ఎక్కకుండా డొంక వైపు మోకాలెత్తు రాళ్లు వరసగా పాతారు. మౌలాలీ కాలు చాపుకుని కూర్చునే రోజుకు పాతిక ముప్ఫై గజాల చొప్పున గరుసు సర్దుకుంటూ జరిగాడు. ఆదినారాయణ దారం కట్టి, మట్టం చూసి, ఒక్కో బండనూ నున్నటి పక్క పైకి వచ్చేలా పరిచాడు. అట్లా కాక ఇంకోలా పరచవచ్చని ఎవరికీ తోచనే లేదు.

ఇరవై మూడో రోజున పని అయిపోయింది. అప్పటికింకా ఒక్క చినుకు పడలేదు. మౌలాలీ బాట ఈ చివర సైకిలెక్కి ఆ చివర దిగాడు. గతుకన్నది లేదు. ఇంటికొచ్చి భార్యతో, "ముంతాజ్, ఇంక వాన పడితే పడనియ్యి," అన్నాడు. ఆవిడ ఆకాశంలోకి చూసి, "మెల్లగా అనయ్యా, ఇంటది," అంది.

మూడో రోజే విన్నట్టుంది. బుధవారం మధ్యాహ్నం సన్నగా జల్లు మొదలైంది. బుధవారం పాలెంలో టీకాలు వేసే రోజు. నర్సు ఎలిజబెత్ లేడీస్ సైకిలు మీద, వెనక టీకాల పెట్టె కట్టుకుని, కొత్త బాట చూసి సంబరపడుతూ తొక్కుకొచ్చింది. సగం దూరం వచ్చిందో లేదో, సైకిలు ఆమెను వదిలేసి తన దారిన తను జారిపోయింది.

జనం పరుగెత్తారు. భోజనానికి ఇంటికొచ్చిన మౌలాలీ కూడా వాళ్ల వెనకే చేరాడు. మోచెయ్యి దోక్కుపోయింది. పెట్టె మాత్రం పగల్లేదు.

"మౌలాలన్నా, ఇది బాటా, సబ్బుబిళ్లా?" అంది ఆమె మోచెయ్యి ఊదుకుంటూ.

మౌలాలీ ఆమె సైకిలు తీసి తను ఎక్కి చూశాడు. పది గజాలు పోకముందే ముందు చక్రం పక్కకు తన్నింది. కుడికాలు ఆనించబట్టి ఆగాడు. అదే ఎడమ వైపు ఒరిగుంటే? సైకిలు దిగి నడుద్దామంటే పాదం కూడా నిలవలేదు. బురదలో అయితే కనీసం కూరుకుపోతాం, పడం. ఇన్ని రోజులు ఇంతమంది చెమటోడ్చి డొంకను ఇంకా చెడగొట్టినట్టయింది.

ఆదినారాయణ ఒప్పుకోలేదు. "టైర్లు అరిగుంటయ్. బండలకేం రోగం?"

"నా టైర్లు పోయిన నెలే ఏయించా. కావాలంటే చెయ్యి పెట్టి చూడు," అంది ఎలిజబెత్.

"తొక్కటం రావాలమ్మా. ఇటియ్యి బావా సైకిలు, నేను చూపిస్తా."

చూపించాడు. రెండు తొక్కులు తొక్కి, మూడో తొక్కుకు అడ్డరాళ్ల మీదుగా రేగడిలో పడ్డాడు. లేచేసరికి మీసం నుంచి మోకాళ్ల దాకా నల్లగా నిగనిగలాడుతున్నాడు. ఇప్పుడు చూసుకో మొహం అని ఎవరో అన్నారు. నర్సమ్మకు నొప్పి మరచిపోయేంత నవ్వొచ్చింది.

ఆ నవ్వుల మధ్య, గోనెసంచి నెత్తిన కప్పుకుని నిలబడ్డ ఆదినారాయణ తల్లి రత్తమ్మ అడిగింది.

"ఒరే, మన గొడ్ల చావిట్లో బండలు ఎట్టా ఏశావురా?"

"గరుకు పక్క పైకేశా. లేకపోతే గిత్తలు జారి కాళ్లిరగ్గొట్టుకోవా?"

అని, తను అన్నది తనకే వినపడి ఆగిపోయాడు.

"అది గొడ్లకమ్మా!" అన్నాడు చివరికి. "మనుషులు తిరిగే చోట గరుకు పక్క పైకేస్తే ఇంక నన్ను మేస్త్రీ అంటారా? తిరగేసి పరిచాడని పేటలో పిల్లోళ్లు కూడా నవ్వుతారు. నా చేతుల్తో నేనెయ్యను."

మౌలాలీ అడ్డరాయి మీద కూర్చుని తన ఎడమ కాలు రుద్దుకున్నాడు. గొంతు పెంచలేదు.

"నీ పనికి నేను వంక పెట్టను ఆదినారాయణా. ఇంత సాపుగా ఎవరూ ఎయ్యలేరు. కానీ రేపు ముసురు పడితే నేనాడ ఉండాల గదా. నేను పోలేకపోతే ఎల్లుండికి ఆ గేటు ఇంకొకడిది. నువ్వు వద్దంటే వద్దు, నేను కూర్చోనే ఒక్కొక్కటీ తిప్పుకుంటా. ఎన్నయితే అన్ని."

అని అక్కడికక్కడే గడ్డపార అందుకుని పక్కనున్న బండ కింద పెట్టాడు. బండ లేచింది గానీ కూర్చున్న మనిషికి తిరగబడలేదు. ఆదినారాయణ కాసేపు చూశాడు. మొహం మీది బురద తుడుచుకుని, వచ్చి రెండో అంచు పట్టుకున్నాడు.

"అట్టా కాదు బావా. ఎట్టబడితే అట్టా తిప్పితే సందులొస్తయ్. గరుకైనా మట్టం మట్టమే. జరుగు."

జల్లు ఆగింది. మర్నాటి నుంచి ఎండ కాసింది. తిప్పిన బండలూ తిప్పని బండలూ పొడిగానే ఉన్నాయి కాబట్టి మౌలాలీ పొద్దున గేటు తీసి, మధ్యాహ్నం భోజనం వేళ వచ్చి, పనిలో కూర్చునేవాడు. మబ్బు కమ్మినప్పుడల్లా గడ్డపార ఆపి పైకి చూసేవాడు. ఈసారి ఆడవాళ్లు కూడా వచ్చారు. ఎనిమిదో రోజు సాయంత్రం ఇంకా ముప్ఫై బండలున్నాయనగా వాన అందుకుంది. ఎవరూ ఇంటికి పోలేదు. తడుస్తూనే తిప్పారు. ఆఖరి బండ ఆదినారాయణ మడమతో తొక్కి చూసి, "కదల్లా," అన్నాడు.

తెల్లారేదాకా వాన కురుస్తూనే ఉంది. ఆరింటికి ముంతాజ్ అతని తలకు ప్లాస్టిక్ కాగితం కట్టి, గుమ్మంలోనే నిలబడింది. డొంక రెండు వైపులా నీళ్లు నిలిచి ఉన్నాయి. మౌలాలీ మొదటి బండ మీదికి చక్రం ఎక్కించి, ఊపిరి బిగబట్టి తొక్కాడు. టైరు కింద గరగరమని చప్పుడు. పదో బండ దాటింది, యాభయ్యో బండ దాటింది. నర్సమ్మ పడ్డ చోట బ్రేకు పట్టి చూశాడు. చక్రం ఎక్కడిదక్కడ ఆగింది. అప్పుడు వదిలాడు ఊపిరి. మళ్లీ తొక్కి, బురద అంటకుండా రోడ్డెక్కాడు.

ఏడింటికి పది నిమిషాలుండగానే గేటు తీశాడు. వానలో వచ్చిన లారీ హారన్ కొట్టాల్సిన పని లేకుండా లోపలికి పోయింది.

తొమ్మిదింటికి వెంకట్రామయ్య గొడుగేసుకుని వచ్చి, అతన్ని చూసి ఆగాడు.

"ఏంది, నిన్న ఇంటికి పోలేదా? ఈడే పడుకున్నావా?"

"ఇంటికాణ్ణించే వచ్చానయ్యా."

"సైకిలు మీదే?"

"సైకిలు మీదే."

యజమాని గోడకు ఆనించిన సైకిలు చక్రాలు వంగి చూశాడు. గొడుగు దులుపుకుని లోపలికి వెళ్లి, ఇద్దరికీ టీ చెప్పాడు.

వాన ఇంకా పెద్దదయింది. మౌలాలీ చూరు కింద స్టూలు మీద కూర్చుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, చెప్పు వదిలేసి ఎడమ కాలు వానలోకి చాపాడు. చల్లగా తగులుతుంటే అలాగే ఉంచేశాడు.