బుల్వె పిల్ల ఫొటో

ఇలా రా తల్లీ, పొగ అటు పోతోంది, నా పక్కన ఈ చాప మీద కూర్చో. మీ అత్త నబ్బోస బుల్వె పిల్లను ఫొటో తీసిన సంగతి చెబుతాను. రేవులో ఇప్పుడు తలొక రకంగా చెప్పుకుంటున్నారు కానీ, ఆ పడవలో కూర్చున్నదాన్ని నేను.

బుల్వె పిట్టను నువ్వూ చూశావుగా. నిలబడితే నా నడుము దాటుతుంది, ఒళ్లంతా బూడిద రంగు, మూతికి ఎవరో చెక్క చెప్పు తగిలించినట్టు ముక్కు. మన జాలరులకు అదంటే పడేది కాదు. పొద్దున్నే అది ఎదురైతే ఆ రోజు వల ఖాళీగా వస్తుందని నమ్మకం. ఆ ఏడు నలుబాలె సరస్సులో చేపలు సరిగా పడలేదు. రేవు పెద్ద లుబ్వామ తప్పంతా తీసుకెళ్లి బుల్వె నెత్తిన పెట్టాడు.

"సోమవారం అది తిరిగే ఆ ఒడ్డు జమ్ము తగలబెట్టేద్దాం. ఆ దరిద్రపు పిట్టా పోతుంది, పడవలకు దారీ పడుతుంది" అన్నాడు.

నబ్బోస అప్పుడు కంపాలాలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసేది. సెలవుకని వచ్చింది. లేచి, పెద్దలతో మాట్లాడేటప్పటి మన మర్యాద ప్రకారం అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని, "పెద్దయ్యా, ఆ జమ్ములో దాని గూడుంది. గూట్లో పిల్ల కూడా ఉంది" అంది.

"నువ్వు చూశావా?"

"దూరం నుంచి చూశాను. దగ్గరికి పోతే తల్లి గూడు వదిలేసి పోతుంది. ఆ జమ్ము నీళ్ల మీద తేలేది, కాలు పెడితే మనమూ మునుగుతాం."

"నేను పసిపిల్లలున్న ఇంటికి నిప్పు పెట్టేవాణ్ణి కాదమ్మా. కానీ పిల్లను నాకు చూపించు. చూపిస్తే వదిలేస్తాను, లేదంటే సోమవారం నిప్పే" అన్నాడు లుబ్వామ.

మొండివాడే కానీ, మాట మీద నిలబడతాడు.

నబ్బోస పనిచేసే దుకాణంవాళ్ల దగ్గర అరువు తెచ్చిన పొడుగు లెన్స్ ఒకటి ఉంది. అబ్బో, వేరుశెనగలు దంచే రోకలంత ఉండేది. దాన్ని పడవ అంచు మీద ఆనించి శుక్రవారం బోలెడు ఫొటోలు తీసుకొచ్చింది. రేవులో అందరూ కెమెరా చుట్టూ మూగారు.

"ఇది మా ఇంట్లో మాడిన గిన్నెలా ఉందే" అంది చేపలు ఎండబెట్టే నలుగ.

"గిన్నె కాదు, గాలికి పోయిన నా టోపీ. నా టోపీ దొరికింది!" అన్నాడు పడవ నడిపే ముకీబి.

లుబ్వామ కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మాయ్, ఈ ఫొటో చూసి నేను నిప్పు ఆపితే, రేపు ప్రతివాడూ ఒక మసక ఫొటో తెచ్చి ఇది మా అత్త అంటాడు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. పాపం, నబ్బోస ముఖం చిన్నబోయింది.

శనివారం మళ్లీ పోయింది. మిట్టమధ్యాహ్నం అయ్యేదాకా కూర్చుంది. ఈసారి జమ్ము కాడలు ఎంత స్పష్టంగా వచ్చాయనుకున్నావు! వాటి మీద పాకే చీమ కూడా కనబడింది. వెనకున్న పిల్ల మాత్రం ఆవిర్లలో ఊగుతున్న ముద్దలా ఉంది. నేను అరటికాయలు ఆకుల్లో చుట్టి ఉడకబెట్టి, వేరుశెనగ పులుసు పోసి పెడితే ముట్టుకోలేదు. తనకు జజ్జాను కదా, అవ్వను, కెమెరా ఒళ్లో పెట్టుకుని నాతో గొణిగింది.

"దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెచ్చే గాజు, మన వణుకును కూడా పెద్దది చేసి చూపిస్తుంది జజ్జా. పడవ అంచు మీద పెట్టాను కదా, పడవ వణుకంతా లెన్స్‌లోకి ఎక్కింది. ఇవాళేమో ఫోకస్ ముందున్న జమ్మును పట్టుకుంది. పైగా ఎండకు నీళ్ల మీద గాలి మరుగుతోంది."

"అయితే ఏం చేస్తావు?"

నన్ను పైనుంచి కిందికి చూసింది. "జజ్జా, రేపు నాతో వస్తావా? ఆ పడవ మరీ తేలిక. దానికి నడుమ మంచి బరువు కావాలి."

చూశావా, నన్ను బియ్యం బస్తాలా లెక్కగట్టింది! అయినా పోయాను.

ఆదివారం ఎండ ఎక్కకముందే బయలుదేరాం. ముకీబి వెనక, నేను నడుమ, నబ్బోస ముందు. గూడు కనబడే చోట ముకీబి తెడ్డు ఎత్తేశాడు. నబ్బోస పడవలోనే మోకాళ్లూని, మోచేతులు డొక్కలకు అదిమి, ఎడమ చెయ్యి లెన్స్ కింద పెట్టింది. పడవ అంచుకు తగలనివ్వలేదు. షట్టర్ వేగం బాగా పెంచింది. జమ్ము కాడల సందులోంచి ఫోకస్ చుక్కను సరిగ్గా పిల్ల కంటి మీదికే తెచ్చింది.

"జజ్జా, ఇక కదలకు. మాట్లాడకు."

మాట్లాడకుండా నేను! నోరు బిగబట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది తల్లి. ముక్కు నిండా నీళ్లు తెచ్చింది. సరిగ్గా అప్పుడే మా వెనక తెడ్డు చప్పుడయింది. లుబ్వామ! ఏం తీస్తామో స్వయంగా చూద్దామని ఒంటరిగా పడవేసుకుని వచ్చాడు.

"రాత్రి ఎలా గడిచిందమ్మా?" అని నన్ను పలకరించాడు.

ఏం చెయ్యను? పెద్దమనిషి పలకరిస్తే జవాబివ్వకపోవడం మన ఇళ్లలో ఉందా? తిరిగి చూస్తే పడవ ఊగుతుంది. బాగా గడిచింది, మీకెలా గడిచింది, ఇంట్లో అంతా కులాసా అని మొదలుపెడితే పిట్ట ఎగిరిపోతుంది. పలకరింపులన్నీ అయ్యాక చివర్లో ఒకరికొకరు ఊఁ కొట్టుకుంటాం కదా, నేను మాటలన్నీ దాటేసి ఆ చివరికే దూకాను. పెదవి విప్పకుండా, "ఊఁ."

లుబ్వామ ఒక్క క్షణం ఆగిపోయాడు. ఆయనకు చెవులు మందగించాయి, అది ఎవరికీ తెలియకూడదని ఆయన తాపత్రయం. మాటలన్నీ అయిపోయాయి, తనకే వినబడలేదనుకున్నాడు.

"ఊఁ" అన్నాడు మర్యాదగా.

"ఊఁ" అన్నాను.

"ఊఁ."

ముందు ఆపినవాళ్లది మర్యాద తక్కువ. నేను ఆపుతానా? ఆయన ఆపుతాడా? అలా సాగింది. తెడ్డు వేస్తూ ఊఁ కొట్టడం బాగుండదని ఆయన తెడ్డు కూడా ఒళ్లో పెట్టుకున్నాడు. నీళ్లు నిమ్మళించాయి.

"ముకీబీ, నవ్వకు. నీ నవ్వు నా లెన్స్‌లో ఊగుతోంది" అని గుసగుసగా కసిరింది నబ్బోస.

పడవ ఒక పక్కకు ఒరిగి, మళ్లీ ఇటు మళ్లబోయే ముందు రవ్వంతసేపు నిలుస్తుంది చూడు, అప్పుడు ఊపిరి సగంలో ఆపి మీట నొక్కింది. టకటకా టకటకా!

తరవాత కెమెరా వెనకున్న అద్దంలో ఫొటో పెద్దది చేసి, మోకాళ్ల మీదే తిరిగి, లుబ్వామకు అందించింది. తల్లి ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి, బొట్టు బొట్టూ విడివిడిగా. కింద పిల్ల, నూగు తడిసి మెడకు అంటుకుపోయి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఉంది. ఆ తెరిచిన కంట్లో ఆకాశం కూడా కనబడుతోంది.

లుబ్వామ ఊఁ కొట్టడం మరిచి, కెమెరాను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. తరవాత మెల్లిగా, "ఎండకు మాడిపోతుందని స్నానం చేయిస్తోంది" అన్నాడు. "మా చిన్న మనవరాలు కూడా తలమీద నీళ్లు పోస్తే అచ్చం ఇలాగే కన్ను చికిలిస్తుంది. వాళ్లమ్మ మీద ఫిర్యాదు చేస్తున్నట్టు!"

"మరి సోమవారం, పెద్దయ్యా?" అంది నబ్బోస.

"సోమవారం నిప్పు లేదు. పడవల దారి అటు పక్కనుంచి కొట్టుకుందాం. వల ఖాళీగా వస్తే మాత్రం ఆ బుల్వె దగ్గరికి కాదు, మీ ఇంటికొస్తాను భోజనానికి. విన్నావా?"

"రండి, అరటికాయలు ఉడకబెడతాను" అన్నాను నేను. అప్పటికి నోరు తెరుచుకుంది మరి!

ఇదీ తల్లీ జరిగింది. బాగా గుర్తుపెట్టుకో. రేపు మీ బడి పిల్లలకు చెప్పు, వాళ్లను వాళ్ల ఇళ్లలో చెప్పమను. జమ్ము ఎందుకు మిగిలిందో అందరికీ తెలియాలి. చెప్పేటప్పుడు ముందుగా ఊఁ ఆపింది లుబ్వామేనని మాత్రం మరిచిపోకుండా చెప్పు.