ఒక్క ణ తక్కువ

మా బావమరిది బళ్లు కొట్టేసి జైలుకు వెళ్లాడు. అక్కడ బోర్డులు రాయడం నేర్చుకుని బయటికొచ్చాడు. బోర్డులు రాసే కొట్టు నాది. ఇంకేముంది, మా ఆవిడ తమ్ముణ్ణి తెచ్చి నా నెత్తిన పెట్టింది. వాడి మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా గెంటేస్తానని నేను ముందే చెప్పాను. అప్పటినుంచి ఆ ఒక్కదాని కోసం చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నాను.

వాడు దొరికితేగా! కుదురుగా రాస్తాడు, రంగు చుక్క నేల మీద పడనివ్వడు, పనికి నాకంటే ముందే వస్తాడు. ఇలాంటివాడి మీద కోపం తెచ్చుకోవాలంటే ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఒక్క జైలు అలవాటు మాత్రం వదల్లేదు. ఎక్కడ గంట మోగినా కుంచె కింద పెట్టి, చేతులు కట్టుకుని గోడవారగా నిలబడతాడు. మా కొట్టు పక్కనే బడి. అక్కడ గంట కొట్టినప్పుడల్లా ఇక్కడ నా పని ఆగిపోతుంది. ఇది జైలు కాదురా అంటే బుద్ధిగా తల ఊపుతాడు, మళ్లీ గంట మోగగానే లేచి నిలబడతాడు.

ఇంతలో టౌన్‌హాల్లో ఒక చర్చ పెట్టారు. నేరం చేసినవాళ్లను బాగుచేయాలా, బిగించాలా అని. బాగుచేయాలనే పక్షానికి పెద్ద ఒక రిటైరైన కాలేజీ మాస్టారు. వేదిక వెనక కట్టడానికి గుడ్డ బ్యానరు రాయమని ఆయనే చెప్పారు: ‘శిక్ష కాదు, శిక్షణ కావాలి’ అని. ఆ పని బావమరిదికి అప్పగించి నేను రంగులు కొనడానికి పోయాను. అటునుంచి అటే హాలుకు వెళ్లేసరికి బ్యానరు కట్టేసి ఉంది.

‘శిక్ష కాదు, శిక్ష కావాలి.’

ఏం జరిగి ఉంటుందో వెంటనే అర్థమైంది. రెండోసారి ‘శిక్ష’ దాకా రాయగానే పక్కన గంట కొట్టి ఉంటారు. నిలబడి, తిరిగొచ్చి చూసుకుంటే మాట పూర్తయినట్టే కనిపించి ఉంటుంది. పక్కన ‘కావాలి’ రాసి చేతులు కడుక్కున్నాడు.

బిగించాలనే పక్షం తరఫున వచ్చిన లాయరు మైకు అందుకుని, మాస్టారు మొదట కాదన్నా చివరికి దారికొచ్చారని అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. తప్పు చేసిన ప్రతివాడికీ రెండో అవకాశం ఇవ్వాలని అప్పటిదాకా గొంతు చించుకున్న మాస్టారు గబగబా దిగొచ్చి నన్ను పక్కకు లాక్కెళ్లారు.

“అది రాసినవాణ్ణి ఇవాళే తీసెయ్యండి. ఇలాంటివాళ్లు జన్మలో బాగుపడరు.”

ఆయన వెనకే లాయరు వచ్చి, ఎవరో గాని భలే రాశాడని, తన ఆఫీసు బోర్డూ అతని చేతే రాయించమని అడిగాడు. జైల్లో నేర్చుకున్నాడని చెప్పాను. లాయరు చెయ్యి దానంతటదే పర్సున్న జేబు మీదికి పోయింది.

నేను ఎదురుచూసిన ఫిర్యాదు వచ్చేసింది. గంతులేయాల్సింది పోయి పళ్లు నూరుకుంటూ కొట్టుకు వచ్చాను. జరిగింది చెప్పి, వెళ్లిపొమ్మన్నాను. వాడు కుంచె కడిగి పెట్టి, గుమ్మం దగ్గర ఆగాడు.

“ఎన్నాళ్లు బావా?”

“ఎన్నాళ్లేంట్రా?”

“అక్కడైతే ముందే చెప్పేవాళ్లు. ఎప్పుడు రావచ్చో తెలిసేది.”

ఎకసెక్కెమేమోనని మొహంలోకి చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. వీణ్ణి జైలుకు పంపిన జడ్జి కూడా గడువు పెట్టి పంపాడు. నేను మాత్రం గడువు లేకుండా గెంటేస్తున్నాను. సిగ్గేసింది.

“భోజనాల దాకా” అన్నాను. “ఆ తర్వాత మీ అక్క ఊరుకోదు.”

సరేనని వెళ్లి కొట్టు మెట్ల మీద కూర్చున్నాడు. శిక్ష వేసింది నేనే గాని, లోపల ఒక్కణ్ణీ కూర్చోలేకపోయాను. బయటికొచ్చి వాడి పక్కన నిలబడ్డాను. వాడు కాస్త జరిగి చోటిచ్చాడు.